బండోనియాన్ పట్టిన పకీతా

హైదరాబాదులో మలక్‌పేటకును దిల్‌సుఖ్‌నగరుకును నడుమ మూసారాంబాగ్ అను పేట కలదు. పేరు వినగానే ఎవరో రాముని తోట యని తోచును. ఆ రాముడు ఫ్రెంచివాడు! నిజాము కొలువున సేనానిగా నుండి 1798లో మరణించిన రేమండ్ దొరను జనులు ‘మూసారాము’ అని పిలుచుకొనిరి. ఫ్రెంచిలో ‘మొస్యూ’ అనగా మన ‘శ్రీ’ వంటి మాట. అదియే ‘మూసా’ యైనది. పరదేశి పేరు ఊరివారి నోట నలిగి ఊరిదే యైపోయినది.

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఏరిస్‌లో ఒక వాద్యమునకు ఇట్టి భాగ్యమే పట్టినది. దాని పేరు బండోనియాన్. పుట్టినది జర్మనీలో, మన హార్మోనియమునకు దూరపు చుట్టము. తిత్తిని ఒడిలో నుంచుకొని, రెండు చేతులతో సాగదీయుచు మూయుచు, ఇరుప్రక్కల మీటలను వ్రేళ్లతో నొక్కవలెను. సాగదీయునప్పుడు ఒక స్వరము పలికిన మీటయే మూయునప్పుడు వేఱొక స్వరము పలుకును. నేర్చుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. అచ్చటి టాంగో సంగీతమునకు ప్రాణము ఇదియే.

అట్లు మోకాళ్లు ఎడముగా నుంచి కూర్చుండుట ఆడుపిల్లకు తగదని ఆనాటి పెద్దలు తలంచిరి. 1900లో జన్మించిన పకీతా బెర్నార్దో తండ్రియు అదే మాట యనెను. ఆమె పట్టు విడువక తండ్రిని ఒప్పించి, 1921లో స్వంత బృందమును కూర్చి ఒక కాఫీశాలలో వేదిక నెక్కెను. తక్కిన వాద్యకారులు పురుషులే. అందు పియానో వాయించిన కుఱ్ఱవాడు ఓస్వాల్దో పుగ్లీసే అనంతరము టాంగోలో మహావిద్వాంసుడయ్యెను. పకీతా మాత్రము ఇరువదియైదేండ్లు నిండకుండగనే 1925లో కన్నుమూసెను. ఆమె వాదనము ఒక్క రికార్డునందైనను మిగులలేదు.

మృదంగము మగవారి వాద్యమను మాట మన దేశమునను ఉండెడిది. ఏలూరిలో నిడుమోలు రాఘవయ్యగారు దానిని లెక్కసేయలేదు. తాము మార్దంగికులు, కుమార్తె సుమతికి తామే మృదంగము నేర్పిరి. ఆ సుమతిగారిని 2021లో పద్మశ్రీ వరించినది. పకీతాకు ఇట్టి తండ్రి దొరకిన ఎంత శ్రమ తప్పెడిదో!

పకీతా బృందమున స్త్రీ ఆమె యొక్కతెయే. నేడు బ్యూనస్ ఏరిస్‌లో అందఱును స్త్రీలే యైన టాంగో బృందములు కలవు. వారు పాత బాణీలతోనే తృప్తిపడరు. ఆస్తోర్ పియసొల్లా (1921–1992) కల్పించిన నూతన టాంగోను వాయింతురు, స్వీయరచనలను వినిపింతురు. పియసొల్లా రచనలు వెలువడినప్పుడు “ఇది టాంగోయే కాదు” అని కోపించినవారు పెక్కండ్రు. ఇప్పుడా రచనలకు చప్పట్లు మ్రోగుచున్నవి. తిత్తిని మోకాళ్లపై నుంచుకొని కూర్చున్న స్త్రీని అచ్చట ఎవరును వింతగా చూడరు.