గోనవారి యాడుబిడ్డ



రాజుల చరిత్రలు చదువునపుడు మనము సామాన్యముగా యుద్ధములను, కోటలను, బిరుదులను జ్ఞాపకముంచుకొందుము. నేను మాత్రము కొంతకాలముగా వానిలో నొక్క విషయమునే వెదకుచున్నాను. ఆ యింట పుట్టిన యాడుబిడ్డ యేమైనది? ఆమె పేరు నెవ్వరు వ్రాసి యుంచిరి? ఈ ప్రశ్నకు చక్కని సమాధానమిచ్చు వంశమొకటి మన తెలుగునాట కలదు. అది గోనవారి వంశము.

గోనవారు కాకతీయ ప్రభువులకు సామంతులు. వర్ధమానపురము వారి రాజధాని. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమానే ఆ పురము. 13వ శతాబ్దమున ఈ వంశమునందు బుద్ధారెడ్డి జన్మించెను. కత్తిపట్టిన చేతితోనే గంటమును పట్టి యాతడు రామకథను ద్విపదలో రచించెను. తండ్రియగు విఠలనాథుని కోరికపై, ఆయన పేరు నిలుచునట్లుగా వ్రాసినందున దానికి రంగనాథ రామాయణమను పేరు వచ్చెనని చెప్పుదురు. గ్రంథకర్తను గూర్చి పండితులలో వాదములు లేకపోలేదు గాని, కావ్యమునందు కనిపించు పేరు బుద్ధారెడ్డిదే. సేతువు కట్టునాడు ఇసుకరేణువులు మోసిన యుడుత కథ యందున్నది. మనము మాటవరుసకు "ఉడుతాభక్తి" యనునపుడెల్ల ఆ కథనే తలచుచున్నాము. తోలుబొమ్మలాటవారును ఈ ద్విపదలనే పాడి పల్లెలలోని చదువురాని తల్లులకు రామాయణమును వినిపించిరి.

బుద్ధారెడ్డి యుద్ధకాండముతో గ్రంథమును నిలుపగా, కుమారులైన కాచవిభుడును విఠలరాజును ఉత్తరరామాయణమును రచించి తండ్రి తలపును నెరవేర్చిరి. ఆ వంశీయుడే గోన గన్నారెడ్డి. అతని సేనాని విఠలనాథుడు 1294లో రాయచూరి కోటను కట్టించినట్లు అచ్చట 40 అడుగులకు మించిన శిలపై చెక్కిన తెలుగు శాసనము చాటుచున్నది. అడివి బాపిరాజుగారు గన్నారెడ్డిని నవలానాయకునిగా జేసిరి. 2015లో వచ్చిన "రుద్రమదేవి" చలనచిత్రములో ఆ పాత్రను చూచి మన పిల్లలు చప్పట్లు చరచిరి. ఇట్లు తండ్రికి కావ్యము, కొడుకులకు కావ్యశేషము, గన్నారెడ్డికి నవలయు సినిమాయు దక్కినవి.

మరి కూతురో?

బుద్ధారెడ్డికి కుప్పాంబిక యను కుమార్తె యుండెను. ఆమెను కాకతీయుల దండనాథులలో నొక్కడైన మల్యాల గుండనికిచ్చి వివాహము చేసిరి. గుండడు గతించిన పిమ్మట ఆమె భర్త పేరిట గుండేశ్వరుని ప్రతిష్ఠించి, 1276లో శాసనమును వేయించెను. ఆ స్థలము బుద్ధపురము. నేడు మహబూబ్‌నగర్ జిల్లాలో భూత్పూరుగా పిలువబడుచున్నది. బుద్ధారెడ్డి జీవించిన కాలమును నిర్ణయించుటకు పండితులకు తోడ్పడిన యాధారములలో కూతురు వేయించిన యా శాసనమే ముఖ్యమైనది. అమ్మలారా, ఈ సంగతిని మరియొకమారు తలపోయుడు! అంతటి మహాకావ్యము వ్రాసిన తండ్రి యే కాలమువాడో తెలుపుటకు అత్తవారింటికి పోయిన బిడ్డ సాక్ష్యము కావలసివచ్చినది.

కుప్పాంబిక చెప్పినదిగా నొక పద్యము తరువాతి కాలపు సంకలన గ్రంథమునందు నిలిచియున్నది. అంతకుముందు 15వ శతాబ్దపు తాళ్లపాక తిమ్మక్కను తొలి తెలుగు కవయిత్రిగా చెప్పుచుండగా, ఇప్పుడు పలువురు పండితులు ఆ గౌరవమును కుప్పాంబికకే యిచ్చుచున్నారు. తండ్రివలె ఆమెకు కావ్యము దక్కలేదు. ఒక్క పద్యము, ఒక్క శిల, అంతే. అయినను ఆ శిలయే ఆమెను మరువనీయలేదు.

ఆ శాసనము వేయించునాటికి ఓరుగల్లు సింహాసనముపై నున్నదియు నొక యాడుబిడ్డయే. గణపతిదేవునికి మగసంతానము లేకపోగా కుమార్తె రుద్రమదేవి 1262 మొదలు 1289 వరకు రాజ్యమేలెను. ఆమె తరువాత పట్టమెక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కుమారుడు. మన చరిత్రపుస్తకములలోని కాకతీయ వంశక్రమము రెండు తరములు ఆడుబిడ్డల మీదుగానే నడచినది.

దూరదేశస్థుడు దీనిని గ్రహింపలేకపోయెను. ఇటలీ దేశమునందలి వెనీసు నగరవాసి మార్కో పోలో తన యాత్రాగ్రంథమున మోటుపల్లి రాజ్యమును వర్ణించుచు, అచ్చటి రాణి న్యాయముతో ప్రజలను పాలించినదని మెచ్చుకొనెను. ఆమె రుద్రమదేవియే యని చరిత్రకారుల యభిప్రాయము. కాని యాతడామెను రాజు భార్యయనియు, భర్త మరణించిన పిదప రాజ్యమేలినదనియు వ్రాసెను. తండ్రి రాజ్యము కూతురికి వచ్చునని యాతనికి తోచలేదు కాబోలు! విచిత్రమేమనగా, అదే మార్కో పోలో 1324లో మరణశయ్యపై వ్రాయించిన వీలునామాలో భార్యయగు దొనాతాను, కుమార్తెలైన ఫాంతీనా, బెల్లేలా, మొరేతాలను పేరుపేరున పేర్కొని తన యాస్తి బాధ్యతను వారికప్పగించెను. పరాయి రాజ్యమున గుర్తింపలేని దానిని తన యింట నాచరించెను. అందుచేతనే ఏడువందల యేండ్ల తరువాత గూడ ఆ బిడ్డల పేర్లు మనకు తెలిసినవి.

ఓరుగంటి కథ మా యింటికెట్లు వచ్చినదో యిక మనవి చేసెదను. నా పుట్టినిల్లు ఉప్పలు, మెట్టినిల్లు నాచారము. రెంటి నడుమ నొక్కపూట నడకయైనను లేదు. నా చిన్ననాట ఉప్పలు చుట్టును సాగుభూము లుండెడివి. ఇప్పుడు మెట్రో రైలు వచ్చినది, మేడలు లేచినవి, గజము నేలకు గూడ గొప్ప వెల వచ్చినది. నేలకు వెల వచ్చినకొలది ఇండ్లలో వంశవృక్షముల యవసరమును హెచ్చినది. భూమి పంచుకొనవలెనన్నను, అమ్మవలెనన్నను, ఎవరికెవరు వారసులో వ్రాసి చూపవలెను గదా!

కొన్నాళ్ల క్రిందట మా పెదనాన్నగారు ఏడుతరముల వంశవృక్షమును అందముగా అచ్చువేయించి గోడకు తగిలించిరి. మా అమ్మాయి దానిని క్రిందినుండి మీదికి చదివి, "అమ్మా, నీ పేరేది?" అని యడిగెను. నా పేరు లేదు. మా అక్క పేరు లేదు. మా తల్లి పేరును లేదు. కొమ్మలన్నిటను మగవారే.

"పెదనాన్నా, మమ్మెందుకు వ్రాయలేదు?" అని నేనడిగితిని.

"ఆడపిల్ల యనగా ఆడ పిల్లయే గాని ఈడ పిల్ల కాదు గదమ్మా! మీ పేర్లు మీ అత్తవారు వ్రాసికొందురు" అని ఆయన నవ్వెను.

"మా అత్తవారి పటములోను కోడండ్ర పేర్లు లేవు పెదనాన్నా. మరి మేమే చెట్టు కొమ్మలము?"

ఆయన మాటాడలేదు. కొంతసేపటికి నేను, "నిన్ను పెంచిన నాయనమ్మ పేరేమి?" అని మెల్లగా నడిగితిని. ఆయన కన్నులు మూసికొని చాలసేపు తలచుకొనెను. "అవ్వా అనియే పిలిచితిమమ్మా. పేరు... పేరు నేనెన్నడు నడుగలేదు" అని కంఠము గద్గదమై యూరకుండెను. ఆమె చేతి ముద్దలు తిని పెరిగిన ఎనుబదియేండ్ల వృద్ధునికి ఆమె పేరు తెలియదు! ఆ పేరు తెలిసినవారింకెవ్వరును మా వంశమున మిగులలేదు.

చట్టము మనకు కొంత మేలు చేసినది. మా నాచారమున రామకృష్ణా స్టూడియోను నెలకొల్పిన నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, 1986లో హిందూ వారసత్వ చట్టమును సవరించి పిత్రార్జితమున కూతుండ్రకు సమానభాగమిచ్చిరి. అంతకుముందే పెండ్లియైన బిడ్డలకు మాత్రము అది వర్తింపలేదు. 2005లో దేశమంతటికిని అట్టి హక్కు వచ్చెను. తండ్రి జీవించియున్నను లేకున్నను ఆ హక్కు కూతురికి పుట్టుకతోనే వచ్చునని 2020లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పెను.

అయినను మా వీధులలో నేను చూచుచున్న దేమి? అన్నదమ్ములు భూమి యమ్మునప్పుడు ఆడుబిడ్డను ఆదరముతో పిలిచి, చీర పెట్టి, హక్కు విడుదల దస్తావేజుపై సంతకము చేయించుకొందురు. పుట్టినింటి కాగితములలో ఆమె పేరు మొదటిసారి వ్రాయబడునది అప్పుడే, ఆమె యా యింటిని విడిచిపెట్టినట్లు చెప్పుటకే! పుట్టింటి ప్రేమకొరకు భాగమును వదలుకొను చెల్లెండ్రను నేను తప్పుపట్టను. అది వారి యిష్టము. కాని భాగము వదలుకొన్నంతమాత్రమున పేరును గూడ వదలుకొనవలెనా? పేరు పంచిపెట్టిన తరుగునది కాదు. ఒకరి పేరు వ్రాసిన నింకొకరి గజము నేల తగ్గదు.

మాకు శిలాశాసనములు వేయించు భాగ్యము లేదనవద్దు. పిల్లల చదువుల పుస్తకములో మిగిలిన నాలుగు తెల్లకాగితములు చాలును. ఈ పండుగకు పుట్టింటికి పోయినప్పుడు ఇంటిలోని పెద్దముత్తైదువను కూర్చుండబెట్టి, ఆమె తల్లి పేరు, అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు, వారి యూళ్లు అడిగి వ్రాసికొనుడు. కోడండ్ర పేర్లు వ్రాయుడు, కూతుండ్ర పేర్లు వ్రాయుడు. మా పెదనాన్నగారు పటము దింపించి, మరల నచ్చువేయించుటకు మా పేర్లన్నియు నాచేతనే వ్రాయించిరి. ఆయన నాయనమ్మగారి చోట మాత్రము "అవ్వ" యని వ్రాసి విడిచితిమి. మీ యిండ్లలో నట్టి ఖాళీ మిగులకముందే మేల్కొనుడని నా ప్రార్థన.