ఎదురుగాలిలో వినపడని మాట

జూలైలో రెండో శనివారం సెలవు కలిసొచ్చింది. కారుకు రెండు సైకిళ్ళు కట్టుకుని శ్రీశైలం వెళ్ళాం. దర్శనం అయ్యాక, ఆదివారం దోమలపెంట నుంచి మన్ననూరు దాకా నల్లమలలో 50 కిలోమీటర్ల పైనే నేనూ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయీ తొక్కాలని అనుకున్నాం. వాళ్ళమ్మ కారులో మా వెనకాలే వస్తుంది.

ఈ రోడ్డు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. గేటు తీశాక బయల్దేరాం. టేకు చెట్లు, వెదురు పొదలు, రోడ్డు పక్కన కోతుల గుంపులు. దారి పొడుగునా పాప కబుర్లే.

చెట్లు దట్టంగా ఉన్నంతసేపూ ఏమీ తెలియలేదు. అడవి పలచబడి ఆకాశం కనిపించిన చోటల్లా గాలి మొహాన కొట్టింది. మేం పోయేది వాయవ్యానికి, వానాకాలంలో గాలి వచ్చేది పడమటి నుంచి. ఇంట్లో మ్యాపు ముందు కూర్చుని కిలోమీటర్లు లెక్కపెట్టిన నాకు ఈ సంగతి తట్టనే లేదు. పల్లంలో కూడా తొక్కితేనే బండి కదిలింది!

ముందు సైకిల్ గాలిని చీలుస్తుంది కాబట్టి వెనక దగ్గరగా వచ్చేవాళ్ళకు శ్రమ తగ్గుతుంది. "నా వెనకే రా తల్లీ" అన్నాను. కాసేపటికి తను వెనక నుంచి ఏదో అంది. గేరు గురించి అనుకుని "చిన్నది వెయ్" అని అరిచాను. మళ్ళీ అంది. మళ్ళీ అదే జవాబు.

వటవర్లపల్లిలో టీ కోసం ఆగాం. గ్లాసు వంకే చూస్తూ మూడోసారి చెప్పింది. "నాన్నా, మ్యాథ్స్ స్లిప్ టెస్ట్‌లో ఇరవైకి ఏడు. పేపర్ మీద నీ సంతకం నేనే పెట్టాను."

నేను అరవలేదు. నా గొప్పతనమేం లేదు, ఊపిరి అందక. ఇంట్లో అయితే మొదటి మాట పూర్తి కాకముందే మొదలుపెట్టేవాణ్ణి. ఆ సంగతి తనకు తెలుసు కాబట్టే సంతకం దాకా వెళ్ళింది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"చెప్తే ఫౌండేషన్ సెక్షన్ పోతుందని నువ్వు నెల రోజులు మాట్లాడవు."

కిందటేడు సరిగ్గా అదే చేశాను. నెల కాదు, పది రోజులు. దాని లెక్కలో నెల. కారులోంచి వాళ్ళమ్మ చూస్తోంది, దిగలేదు. ఆమెకు ముందే తెలుసని తర్వాత తెలిసింది.

అక్కణ్ణుంచి తనే ముందు తొక్కింది. ఆ చిన్న వీపు చాటున నాకు గాలి పెద్దగా ఆగలేదు. అయినా దాటి ముందుకు పోలేదు. మన్ననూరు చేరేసరికి కాళ్ళు వణికాయి.

సోమవారం ఇద్దరం క్లాస్ టీచర్‌ను కలిసి జరిగింది చెప్పాం. మేడమ్ పేపర్ ఇచ్చి మళ్ళీ సంతకం పెట్టమన్నారు. తను పెట్టిన సంతకం కింద నాది పెట్టాను. నా సంతకం కంటే అదే నీటుగా ఉంది.