వ్యూ ఫోర్ట్ బస్సు స్టాండులో ఒక పాఠం

సెయింట్ లూసియా దక్షిణ కొసన ఉన్న వ్యూ ఫోర్ట్ ఊళ్లో గాలి ఆగదు. ఒకవైపు అట్లాంటిక్, ఇంకోవైపు కరేబియన్ సముద్రం. ఆ రెండూ కలిసేచోట మూల్ అ షీక్ కొండ, దాని మీద లైట్‌హౌస్. ఊరి పక్కనే హెవనోరా విమానాశ్రయం. అక్కడ దిగే టూరిస్టులు ఊరి ముఖం చూడకుండానే కార్లెక్కి, ఉత్తరాన ఉన్న బీచ్ హోటళ్లకో, సూఫ్రియేర్ దగ్గరి పిటన్ జంట శిఖరాల వైపో వెళ్లిపోతారు.

మా చెల్లెలి కొడుకు ఆ దీవిలో మెడిసిన్ చదువుతున్నాడు. కరేబియన్ మెడికల్ కాలేజీల్లో మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. వాణ్ణి చూడటానికి వెళ్లినదాన్ని, అక్కడి ప్రత్యేక పాఠశాల చూడకుండా తిరిగి రాలేకపోయాను. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో శిక్షణ తీసుకుని, ఉద్యోగమంతా మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల మధ్యే గడిపిన మనిషిని. ఏ ఊరు వెళ్లినా ముందు అలాంటి బడి ఎక్కడుందని అడుగుతాను.

నేను చూసిన బడి చిన్నది. ఒకే గదిలో ఆరేళ్ల పాప, పదిహేనేళ్లు దాటిన కుర్రాడు. ఒకరికి డౌన్ సిండ్రోమ్, ఒకరికి ఆటిజం, ఇంకొకరికి సెరిబ్రల్ పాల్సీ. మొత్తం జనాభా రెండు లక్షలు కూడా లేని దేశంలో ఒక్కో వైకల్యానికి ఒక్కో బడి పెట్టడం అయ్యే పని కాదు. మాటలు నేర్పే థెరపిస్టు దొరకడమే కష్టం. అందుకే అక్కడి టీచరే థెరపిస్టు, ఆయా, కౌన్సిలర్ కూడా. అలాంటి చోటికి అమెరికా నుంచి రెండేళ్లు ఉండేలా వచ్చింది ఒక వలంటీరు. పాతికేళ్లు దాటాయో లేదో. తన దేశంలో ప్రత్యేక విద్యలో డిగ్రీ చేసింది. పిల్లలకూ పెద్దలకూ ఆ అమ్మాయి 'మిస్'.

వలంటీర్లు ఈ దీవికి కొత్త కాదు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1961లో పీస్ కోర్ అనే వలంటీర్ల సంస్థ మొదలుపెట్టినప్పుడు తొలి జట్లు వెళ్లిన చోట్లలో సెయింట్ లూసియా ఒకటి. మూడు నెలల శిక్షణ, రెండేళ్ల సేవ, మొత్తం 27 నెలలు. మొదట్లో స్థానిక కుటుంబంతో కలిసి ఉండాలి. జీతం ఉండదు, తిండికీ అద్దెకూ సరిపడా ఇస్తారు. ఈ ప్రాంతంలో వాళ్లిప్పుడు ఎక్కువగా ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం మీద పనిచేస్తున్నారు. జపాన్ వాళ్ల సహాయ సంస్థ జైకా నుంచి కూడా వలంటీర్లు వస్తారు. రెండేళ్లంటే చిన్న కాలమేమీ కాదు. రెండు వారాలకు వచ్చి, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫోటోలు దిగి వెళ్లిపోయేవాళ్లను మన దగ్గరా చూశాను. ఆటిజం ఉన్న పిల్లవాడు కొత్త మనిషికి అలవాటు పడటానికే నెలలు పడుతుంది. అలవాటయ్యేలోపే ఆ మనిషి మాయమైతే వాడికి జరిగేది నష్టమే. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఈ అమ్మాయి ఒక ఇంటి మేడమీద వాటా అద్దెకు తీసుకుని ఉంటోంది. ఎండాకాలంలో కుళాయి రాని రోజులుంటాయి కాబట్టి డ్రమ్ములు నింపి పెట్టుకుంటుంది. బట్టలు చేత్తోనే ఉతుక్కుంటుంది. పొద్దున్నే కోకో టీ, మధ్యాహ్నం చాలాసార్లు ఉడకబెట్టిన పచ్చి అరటికాయ, ఉప్పుచేప. అదే అక్కడి జాతీయ వంటకం. పక్కింటావిడ నిప్పుల మీద కాల్చిన సీమపనస ముక్కలు పంపిస్తుంటుంది. మొదట్లో ఒంటరితనం బాగా బాధించిందట. ఇప్పుడు ఒంటరిగా ఉండే వీలే దొరకదు. శనివారం సంతలో కూరగాయలు కొంటుంటే ఎవరో ఒక తల్లి చెయ్యి పట్టుకుని ఆపుతుంది. నేను పక్కన ఉండగానే ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. పాప తన ముంజేతిని తానే కొరుక్కుంటోంది, పుండు పడింది. వలంటీరు ముందు ఆ పుండు చూసింది. తర్వాత అడిగింది, ఎప్పుడు కొరుక్కుంటుంది, అంతకుముందు ఏం జరుగుతుంది, కొరుక్కున్నాక మీరేం చేస్తారు అని. తల్లి ఆలోచించి, పళ్లు తోమించబోతే మొదలవుతుందని చెప్పింది. ఇద్దరూ మెట్ల మీదే కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. చీకటి పడింది. సంత నుంచి తెచ్చిన కూరగాయల సంచి గేటు దగ్గరే ఉండిపోయింది.

తరగతిలో గోడ మీద ఆ రోజు పనులన్నీ బొమ్మలుగా ఉంటాయి. ప్రార్థన, పాఠం, తిండి, ఆట, ఇల్లు. ఒక్కో పని అయ్యాక పిల్లవాడే ఆ బొమ్మ పీకి డబ్బాలో వేస్తాడు. ఇది ఎక్కడైనా ఉండేదే. నా కన్ను పడింది మాత్రం ఒక మూల విడిగా పెట్టిన కార్డు మీద. వంగిన కొబ్బరిచెట్టు, మూసిన తలుపు. తుఫాను వల్ల బడి లేదని దాని అర్థం. జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం. 2010 అక్టోబరు చివర టొమాస్ తుఫాను ఈ దీవిని కుదిపేసింది. ఉన్నట్టుండి బడి మూతపడితే మామూలు పిల్లలకు అది సెలవు. రోజు ఎలా నడుస్తుందో ముందే తెలిస్తే తప్ప స్థిమితపడని పిల్లవాడికి అది భయం. అందుకే హెచ్చరిక రాగానే ఈ కార్డు ప్రతి పిల్లవాడి సంచిలో ఇంటికి వెళ్తుంది. అది గీసింది వలంటీరు కాదు, ఆమెతో పనిచేసే స్థానిక సహాయ ఉపాధ్యాయురాలు. నలభై ఏళ్ల మనిషి, పెద్ద గొంతు, నెమ్మదైన చేతులు. వలంటీరు తెచ్చుకున్న ప్రింటరు, లామినేషన్ షీట్లు ఆమెతోపాటే వెళ్లిపోయేవి. అందుకని కార్డులన్నీ అట్టముక్కల మీద చేత్తో గీసి, పారదర్శక టేపు అంటించడం మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టారు.

ఇద్దరూ కలిసి పదిహేనేళ్ల కుర్రాడికి బస్సెక్కడం నేర్పుతున్నారు. అతనికి మాట లేదు. లాబొరీ అనే చేపలు పట్టే ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంటాడు. ఆవిడకు వయసు పైబడింది, రోజూ వచ్చి తీసుకెళ్లలేదు. వ్యూ ఫోర్ట్ నుంచి లాబొరీకి వ్యాన్లు తిరుగుతాయి, నిండితేనే కదులుతాయి. వలంటీరు ఈ పనిని మెట్లు మెట్లుగా విడగొట్టింది. స్టాండులో నిలబడటం, సరైన వ్యాను చూసుకోవడం, ఎక్కడం, కూర్చోవడం, తన స్టాపు రాగానే ఆపమనడం, డబ్బులివ్వడం, దిగడం. జాబితా చూసి సహాయ ఉపాధ్యాయురాలు తల అడ్డంగా ఊపిందట. ఎక్కగానే లోపలున్న వాళ్లందరికీ గుడ్ మార్నింగ్ చెప్పకుండా కూర్చుంటే ఈ దీవిలో అతన్ని పెంపకం లేని పిల్లవాడనుకుంటారు. మాట రాకపోతేనేం, చెయ్యెత్తొచ్చు కదా అంది. జాబితాలో ఆ మెట్టు అప్పుడు చేరింది.

నేర్పడం మాత్రం చివరి నుంచి మొదలుపెట్టారు. మొదటి వారాల్లో పెద్దవాళ్లే అన్నీ చేసి, చివరి మెట్టు ఒక్కటే అతనికి వదిలారు. అది దిగడం. దిగగానే ఎదురుగా అమ్మమ్మ. తర్వాత డబ్బులిచ్చి దిగడం. ఆ తర్వాత ఆపమని ముందు సీటు మీద తట్టి, డబ్బులిచ్చి దిగడం. మనోవికాస్ నగర్‌లో మాకు చొక్కా తొడుక్కోవడం నేర్పించమన్నదీ ఇలాగే. పిల్లవాడు ఎప్పుడూ గెలుపు దగ్గరే పని ముగిస్తాడు, అందుకే మర్నాడు మళ్లీ రావడానికి మొరాయించడు.

నేను వెళ్లిన రోజు అతను మొదటి మెట్టు నుంచి మొత్తం చేయాలి. వ్యాను నిండటానికి చాలాసేపు పట్టింది. అతను నాణేలు గుప్పిట్లో బిగించి, మునివేళ్ల మీద లేస్తూ దిగుతూ నిలబడ్డాడు. ఎక్కాడు. తలుపు దగ్గర వంగి నిలబడి అరచెయ్యి ఎత్తాడు. ఒకేసారి నలుగురైదుగురు గుడ్ మార్నింగ్ అన్నారు. వెనక నుంచి ఒక ముసలావిడ క్వేయోల్‌లో ఏదో అని, మడతసీటు దించి పక్కన చోటిచ్చింది. అక్కడి పెద్దవాళ్ల ఇంటిమాట క్వేయోల్, బడిమాట ఇంగ్లీషు. అతని ముఖం తేటపడటం చూశాను, అది అమ్మమ్మ మాట మరి. సహాయ ఉపాధ్యాయురాలు రెండు సీట్ల అవతల కూర్చుని కిటికీలోంచి చూస్తోంది, అతనివైపు తిరగలేదు. నేను ఆమె వెనక. వలంటీరు అసలు ఎక్కలేదు. స్టాండులోనే ఆగిపోయింది. తను కనబడితే అతను తన ముఖం చూసి చేస్తాడని, తను వెళ్లిపోయాక ఆ ముఖం ఉండదని ముందే చెప్పింది. ఆ నిర్ణయం నాకు ఎంతో నచ్చింది. వలంటీర్లలో చాలామందికి చేతకానిది అదే. పిల్లవాడు తమనే అంటిపెట్టుకుంటే దాన్ని ప్రేమ అనుకుని మురిసిపోతారు.

లాబొరీ వచ్చింది. సీటు తట్టాడు. చాలలేదు, వ్యాను ముందుకు పోయింది. ఎవరూ కల్పించుకోలేదు, సహాయ ఉపాధ్యాయురాలు కూడా. ఇంకా గట్టిగా తట్టాడు. డ్రైవరు ఆపాడు. స్టాపు దాటి కొంచెం దూరంలో దిగి, అమ్మమ్మ దగ్గరికి వెనక్కి నడిచాడు. అతను ఆవిణ్ణి చేరేదాకా మేమూ దిగి దూరంగా నిలబడ్డాం.

సాయంత్రం మేం ముగ్గురం బడి వరండాలో కూర్చున్నాం. నేను శిక్షణ తీసుకున్న సికింద్రాబాద్ సంస్థలో జయంతీ నారాయణ్, విజయ మైరెడ్డి మన పిల్లల కోసం తయారుచేసిన పరిశీలన జాబితా గురించి చెప్పాను. సొంత పనులు, నలుగురిలో మెలగడం, చదువు, వృత్తి, వినోదం అంటూ అది పిల్లవాడి రోజును చూస్తుంది. సహాయ ఉపాధ్యాయురాలు నోట్‌బుక్ తీసి తన దీవికి తగ్గట్టు రాసుకోవడం మొదలుపెట్టింది. అన్నం కలుపుకుని తినడం అనగానే నవ్వి కొట్టేసింది. అరటికాయ తొక్క ఒలవడం రాసుకుంది. చేపల పడవ రాగానే బకెట్ పట్టుకుని వరసలో నిలబడటం కూడా. అది నాకు జన్మలో తట్టేది కాదు.

ఆమెకు టీచర్ ట్రైనింగ్ లేదు. ఇన్నేళ్లుగా సహాయకురాలి జీతం మీదే ఈ పనంతా చేస్తోంది. దీవిలో ఉపాధ్యాయ శిక్షణ ఉన్నది రాజధాని కాస్ట్రీస్‌లో, మోర్న్ ఫార్చూన్ కొండ మీది సర్ ఆర్థర్ లూయిస్ కమ్యూనిటీ కాలేజీలో. 1979లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఈ దీవి బిడ్డ పేరే అది. ఆయన సమాధి కూడా అక్కడే. అక్కడ చేరాలని ఆమె దరఖాస్తు పెట్టుకుంది. సీటు వస్తే తరగతి ఎవరు చూస్తారన్నదే ఇన్నాళ్లూ అడ్డు. మిగిలిన ఏడాదీ తను చూసుకుంటానని, ఈలోగా వెళ్లి మొదలుపెట్టమని వలంటీరు పట్టుబడుతోంది. సీటు ఆ ఏడాదే రావాలి.