పల్నాటి తగవు, తీర్పరి లేని రాజ్యం

1448లో గ్రెషమ్ మేనరును, అంటే జమీందారీ వంటి భూహక్కును, మోలీన్స్ ప్రభువు ఆక్రమించగా ఇంగ్లండులో దాని హక్కుదారు జాన్ పాస్టన్ పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నాడు. కానీ 12వ శతాబ్దపు పల్నాటిలో దాయాదులైన నలగామ, మలిదేవ రాజుల తగవు తీర్చే అలాంటి గడపే లేకపోయింది. కోడిపందెంలో ఓడి వలసవాసం గడిపిన మలిదేవుడి పక్షాన రాజ్యభాగం అడగడానికి గురజాలకు రాయబారం వెళ్లిన అలరాజు, నలగాముడికి స్వయానా అల్లుడైనా, తిరుగుదారిలో చర్లగుడిపాడు వద్ద విషప్రయోగానికి బలయ్యాడని వీరగాథ చెబుతుంది. నేరమంతా నలగాముడి మంత్రి నాయకురాలు నాగమ్మ మీదకు నెట్టడం గాయకులకు తేలికే గానీ, ప్రతివాదే తీర్పరి కావడం అసలు చిక్కు. కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా జరిగే వీరుల ఉత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే అయిదు రోజుల్లో, విఫలమైన ఆ విన్నపానికి నేటికీ ఒక రోజు కేటాయించి ఉంది.