శరత్కాలపు వెచ్చని పానీయము

మన దేశమున వేసవికి పానకము గలదు, మజ్జిగ గలదు, మామిడికాయల రసము గలదు. చలికాలమునకు మాత్రము తేనీరు తప్ప మఱొకటి కానరాదు. ఎవరి యింటి కేగినను "చాయ్ తాగుండ్రి" అనుట మా ప్రాంతమున కుశలప్రశ్నలో నొక భాగమైపోయినది. దానిని నిందించుటకు మేమీ వ్యాసము వ్రాయుటలేదు. మేమును దినమునకు రెండుమార్లు త్రావుచునే యున్నాము. కాని పదునైదుగురో, యిరువదిమందియో కూడు సాయంకాలమున, అందు పసిపిల్లలును వృద్ధులును ఉన్నపుడు, అందఱికి నొక్క గంజులోనుండియే పోయదగిన వెచ్చని పానీయ మొకటి యుండిన బాగుండునని మాకు చిరకాలముగా నొక కోరిక.

మేముండునది ఇచ్చోడ. ఆదిలాబాదునకును నిర్మలునకును నడుమ పెద్దరోడ్డుమీది యూరు. చుట్టును టేకుటడవులు, ప్రత్తిచేలు, గోండుగూడెములు. బతుకమ్మను సాగనంపి, జమ్మియాకు పంచుకొనిన పిదప నెంతో కాలము గడువకమునుపే రాత్రులు చల్లబడును. తెలంగాణమున చలి మొదట తట్టునది మా జిల్లా తలుపే. ఆ దినములలో, దీపావళికి ముందు, మా వారి పాఠశాలకు వచ్చు పిల్లల తలిదండ్రులును, తోడి యుపాధ్యాయుల కుటుంబములును ఒక సాయంకాలము మా యింట కూడుట ఏటేట వాడుక.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున నుండు మా యాడుబిడ్డ కూతురు ఆ నడుమ ఫోనులో మాటలాడుచు, "అత్తమ్మా, ఇక్కడ చెట్ల ఆకులు ఎర్రబడ్డప్పుడు అందరం కూడి వేడి సైడర్ తాగుతం. నువ్వు గూడ చేసి చూడరాదు?" అనెను. సైడరన నేమని విచారించితిమి. ఇంగ్లండున ఆ పేరు పులిసిన ఆపిలు మద్యమునకు చెల్లునట. అమెరికాలోనో, వడగట్టని పచ్చి ఆపిలురసమునే సైడరందురు. పులిసినదానికి వేఱుగా 'హార్డ్ సైడర్' అని పేరు. 1920 మొదలు 1933 వఱకు ఆ దేశమంతట మద్యము నిషేధింపబడి యుండెనన్న సంగతి మన సోదరీమణులలో పలువు రెఱిగినదే. ఇపుడు శరత్తున చేసికొను వేడిసైడరులో దాల్చినచెక్క, లవంగములు, నారింజతొక్క వేసి సన్నని సెగపై కాతురు. పొయ్యి దించిన పిదప పెద్దవారి కొఱకు కొంచెము రమ్మో బ్రాందియో కలుపుట కూడ కలదు. ఆ తుదిమాట చెప్పునపుడు మా పిల్ల గొంతు తగ్గించినది.

ఆపిళ్లు మాకు దుర్లభములు కావు. మా యూరిమీదుగా పోవు 44వ నంబరు జాతీయరహదారి శ్రీనగరమున బయలుదేరి కన్యాకుమారి చేరును. కాశ్మీరపుతోటలలో కోసిన పండు లారీ యెక్కి, త్రోవ తప్పక, ఒక్కటే రోడ్డున మా గుమ్మము ముందునుండి పోవును. దసరా మొదలు దీపావళి వఱకు ధరయు కొంత దిగును. ఇంకొక వింత. మా యుమ్మడి జిల్లానుండి 2016లో కుమ్రం భీం ఆసిఫాబాదుగా వేఱుపడిన భాగమున, కెరమెరి మండలము ధనోరాలో ఒక రైతు ఆపిలుచెట్లు పెంచి, హైదరాబాదు శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో 2020లో కాపు చూపించెను. మామూలు ఆపిలుచెట్టునకు పూత రావలెనన్న వందలకొలది గంటల గడ్డుచలి కావలెను. హిమాచలప్రదేశమున హరిమన్ శర్మ యను రైతు పెంపొందించిన హరిమన్-99 వంటి రకములకు అంత చలి యక్కఱలేదు. కాని యవి యెండకాలమున పండును గనుక మా శరత్సమావేశమున కందవు. మాకు కాశ్మీరమే గతి.

వట్టి ఆపిలురసము కాచి చూచితిమి. తీపి గలదు, పులుపు గలదు, సువాసనయు గలదు. కాని గొంతు దిగిన పిమ్మట నిలుచు రుచి యేదియు లేదు. ఆ రమ్ము చేయు పని చేయుటకు మఱొక వస్తువు కావలెను. అది మా యింట అటుకమీది కుండలో నుండనే యున్నది: ఎండిన ఇప్పపువ్వు.

ఇప్పచెట్టును సంస్కృతమున మధూకమందురు. అమరమున దానికి గుడపుష్పమనియు, మధుద్రుమమనియు, వానప్రస్థమనియు పర్యాయములు గలవు. బెల్లమువంటి పువ్వు, తేనెచెట్టు, అడవిని నివసించునది! మా తండ్రిగారు అమరము చెప్పుచు నీ పేరులు వల్లెవేయించునపుడు, ఇది యేదో పురాణవృక్షమని తలచెడివారము. ఇచ్చోడకు కాపురమునకు వచ్చిన తొలియేటి ఫాల్గునమున ఆ చెట్టు నిజముగా మా పెరటిగోడ కావల నిలిచి పూలు రాల్చుచుండుట చూచితిమి. కుమారసంభవము సప్తమసర్గమున పార్వతిని పెండ్లికూతు జేయునపుడు ఆమె కేశపాశమునకు గఱికతో కూర్చిన మధూకమాలను చుట్టినట్లు కాళిదాసు వర్ణించెను. మాలకు తగిన పువ్వే. లేతపసుపు, మెత్తన, రేకులలో రసము. తెల్లవాఱుజామున రాలును. గోండుస్త్రీలును, కోలాముస్త్రీలును ఎండ యెక్కకమునుపే గంపలతో నేరికొని, చాపలపై నెండబెట్టుదురు. ఎండిన పువ్వు తూకమున సగమునకు మించి చక్కెరయే. ఉట్నూరున ఆదివాసిమహిళలు సంఘముగా కూడి ఈ పువ్వుతో లడ్డులు చేయుచున్నారు. అవి ఆశ్రమపాఠశాలల బాలికలకు రక్తహీనత పోవుటకై పంచబడినవి.

అయితే, అంత చక్కెర గల పువ్వు ఊరకుండునా? నీట నానవేసి కొన్ని దినము లుంచిన పులియును. పులిసినదానిని కుండపై కుండ నిలిపి, పైని చల్లనినీటి పాత్రనుంచి కాచిన, ఆవిరి చల్లబడి సారాయై దిగును. చరకుడు గ్రహణీచికిత్సయందు మధూకాసవమును ఔషధముగా చెప్పెను. ధర్మశాస్త్రకారులో, గౌడి, పైష్టి, మాధ్వి యని సుర మూడువిధములని చెప్పి మూడింటిని నిషేధించిరి. ఒక్క పువ్వు వైద్యునిచేత నొకటిగాను, శాసనకర్తచేత నొకటిగాను తూచబడినది. మా గోండుసోదరులకు మాత్రము ఇప్పసారా దేవకార్యమునకు కావలసినది. దండారిలో నెమలియీకల కిరీటములతో గుస్సాడులు ఆడునపుడును, ఇతర పూజలందును, దానిని నేలకు ధారవోయక కార్యము సాగదు.

ఇక మేము చేయు పద్ధతి చెప్పెదము. ఇది యిరువదిమందికి చాలును.

రెండు కిలోల ఆపిళ్లు తీసికొనుడు. ఒక్కజాతివే కాక, ఎఱ్ఱని తియ్యనివి మూడుపాళ్లు, పులుపుగల పచ్చనివి ఒకపాలు కలిపిన రుచి నిలుచును. తొక్క తీయనక్కఱలేదు, రంగు తొక్కలోనే యున్నది. గింజలను మాత్రము తప్పక తీసివేయుడు, చేదుపడును, మేలును కాదు. ముక్కలను మూడులీటర్ల నీటిలో వేసి, కట్టెలపొయ్యిపైనైన బొగ్గులసెగను, గ్యాసుపొయ్యిపైనైన మిక్కిలి సన్నని మంటను గంటసేపు ఉడికింపుడు. కళాయి లేని ఇత్తడిగంజు, రాగిపాత్ర యెంతమాత్రము పనికిరావు. పులుపు లోహమును తినును. స్టీలుగంజు మేలు.

అది యుడుకుచుండగా ఇప్పపువ్వు సంగతి చూడుడు. రెండు గుప్పెళ్లు చాలును. ఎండినపువ్వు నొక్కొక్కదానిని వేళ్లతో విప్పి లోని కేసరములను దులిపివేయవలెను. ఇది విసుగుపని, పిల్లలకు ఒప్పగింపవచ్చును. కాని వారు సగము నోటవేసికొందురు. గోరువెచ్చని నీట రెండుమార్లు కడిగి, గంటసేపు మాత్రమే నాననిండు. రాత్రియంతయు నాననిచ్చితిరా, తెల్లవాఱునప్పటికి నురుగు పట్టి తనదారి తాను పట్టును! నానిన పువ్వును మెదిపి, ఉడికిన ఆపిలుముక్కలతో కలిపి మఱి పావుగంట యుడికింపుడు.

పలుచని గుడ్డలో రెండు బెత్తెడు దాల్చినచెక్కలు, ఎనిమిది లవంగములు, పది మిరియములు, చిటికెనవ్రేలంత శొంఠి దంచి మూటగట్టి యందు వేయవలెను. యాలకులు మేము వేయము; అవి ఇప్పపువ్వు వాసనను మ్రింగివేయును. నాగపురి సంత్రాలు దొరికినయెడల నొకదాని తొక్కను, లోని తెలుపు రాకుండ పలుచగా చెక్కి, దింపుటకు పది నిమిషములు ముందు వేయుడు. బెల్లము వలయునా వలదా యనునది రుచిచూచిన పిదపనే నిర్ణయింపవలెను. మాకు సాధారణముగ నక్కఱపడదు. గుడ్డలో వడగట్టి, మరల నొక్క పొంగు రాకమునుపు వఱకు వెచ్చచేసి, చిన్న గిలాసలలో పోయవలెను. ఏనాటిది ఆనాడే త్రావవలెను.

కిందటేటి సమావేశమునకు మాకు తోడుగా వచ్చి ఆపిళ్లు తఱిగినది మా వారి పాఠశాలలో మధ్యాహ్నభోజనము వండు నొకామె. ఆమె భర్త త్రాగుడున పడి రెండేండ్లక్రిందట గతించెను. కుమారుడు ఏడవ తరగతి. గంజు దింపు వేళకు సమీపపు గూడెమునుండి పటేలుగారు వచ్చిరి. ఆయన మనుమరాలు మా వారి శిష్యురాలు. ఆయన తలపాగ సవరించుకొని, సంచిలోనుండి ఒక సీసా తీసి, "అమ్మా, దండారికి కాసింది. మా దేవునిది. మీ ఇంటికని తెచ్చిన" అని రెండుచేతులతో నందించిరి.

సోదరీమణులారా, ఆ క్షణమున మా మనస్సునకు తోచినవి రెండు. ఆయన తెచ్చినది దుకాణపు సీసా కాదు, తన దేవతకు నివేదించు వస్తువు. దానిని త్రోసిపుచ్చిన ఆయనను, ఆయన గూడెమును త్రోసిపుచ్చినట్లగును. మఱి గంజులోనిది పిల్లలు త్రాగునది. పైగా ఆ వంటయామె కత్తిపీట ప్రక్కనుండి లేచి గోడకు జరిగినది. మా వారు మెల్లగా, "పెద్దమనిషి ప్రేమతో తెచ్చినాడు, తీసికొందము, పిదప చూతము" అనిరి. మాకది నచ్చలేదు. తీసికొని పిదప దాచుట, పాఱబోయుట, రెండును ఆయనకు కనబడకుండ చేయు నవమానములే గదా.

మే మేమనుటకును మునుపే ఆమె నోరు విప్పినది. "పటేలా, మా ఆయన గూడ మొదలు దేవునికి పోసే తాగిండు."

అందఱును మాటలు మానిరి. పటేలుగారు చాలసేపు సీసావంకనే చూచిరి. అనంతరము, "నిజమే బిడ్డా" అని, వాకిట మన్ను కనబడుచోట కూర్చుండి, సీసామూత తీసి, గోండిలో నేదియో పలికి, నాలుగు చుక్కలు నేలకు విడిచిరి. మూత బిగించి, దానిని కుమారుని చేతికిచ్చి బండిసంచిలో పెట్టుమనిరి. పిదప లోనికి వచ్చి, "నాకు గది పోయుండ్రి" అని గంజును చూపిరి. ఆమెయే పోసి యిచ్చినది.

కచుని బూడిదను మద్యములో కలిపి త్రాగిన శుక్రాచార్యుడు నాటినుండి సురను నిషేధించిన కథ భారతము ఆదిపర్వమున మనము చదివినదే. అచార్యుని శాసనముకన్నను ఆ వంటయామె మాట మాకు దగ్గఱగా వినబడినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాదుకాణమున కడ్డుపడినవారు శాస్త్రము చదివినవారు కారు, కూలి చేసికొను స్త్రీలు. వారి పట్టుదలవలననే 1993 అక్టోబరు 1నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణమద్యనిషేధమును వచ్చెను, 1997లో అది సడలింపబడెను. అయినను గోండుల దేవధారను, దుకాణపు వ్యాపారమును ఒక్కగాటను కట్టుట మాకు సమ్మతము కాదు. వారి ధార వారి దేవతాస్థానమున నుండవలసినది. మా గంజు మాత్రము పదుగురిది.

చలికి మద్యము వేడిమి నిచ్చునని కొందఱందురు. అది చర్మములోని రక్తనాళములను విప్పి వెచ్చగా తోపించును గాని, ఆ వేడి శరీరమునుండి వెలికి పోవుచున్న వేడియే. లోపల శరీరము చల్లబడును. మఱియు నొక హెచ్చరిక. ఎవరేని తమ యిండ్లలో పెద్దల కొఱకు రమ్ము కలుపదలచినచో మండుచున్న పొయ్యిమీద నెన్నడును పోయరాదు. మద్యసారము 78 డిగ్రీలకే ఆవిరియగును. ఆ యావిరికి మంట తగిలిన భగ్గుమనును. శొంఠి కొంచెము హెచ్చు వేసికొనిన ఆ యావశ్యకతయే యుండదు.

వడగట్టగా మిగిలిన పిప్పిని పాఱవేయకుడు. గోధుమపిండితో కలిపి రొట్టెలు చేసిన పిల్లలు ఇష్టముగ తిందురు. ఆనాటి పిప్పిని వంటయామె తన కుమారునికై డబ్బాలో తీసికొనిపోయినది. పటేలుగారు మూడు గిలాసలు త్రావి, తమ కోడలికి చేయు విధము చెప్పుమని మమ్ము కోరిరి. ఆమెకు చదువు రాదు. నోటితో రెండుమార్లు చెప్పితిమి, మూడవమారు ఆమెయే మాకు తిరిగి చెప్పినది. శొంఠికి మారుగా అడవిలో దొరకు నేదో వేరు వేసి చూతునన్నది. ఫాల్గునమున పువ్వు రాలు దినములలో కోడికూతవేళకు మమ్ము గూడెమునకు రమ్మన్నది.