సాకడం

పోయిన వేసవిలో మా అమ్మాయి బెంగుళూరు నుంచి సోమందేపల్లెకు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. మూతకు సన్నటి రంధ్రాలు. లోపల తడిమట్టి, ఎండుటాకులు, చెట్టు బెరడు, కోడిగుడ్డు పెంకులు. బెరడు ఎత్తితే వేలిగోరంత ప్రాణులు. కొన్ని నారింజరంగువి, కొన్ని తెల్లటి ఒంటిమీద నల్లచుక్కలవి. ఐసోపాడ్స్ అట. పద్నాలుగు కాళ్లున్నా పురుగులు కావు, రొయ్యలకూ పీతలకూ చుట్టాలు. "నెలరోజులు ఊళ్లో ఉండను. నీకు కాలేజీ సెలవులేగా, చూసుకోమ్మా" అని నా చేతిలో పెట్టింది. నాకు వేరే పనుందా అని అడగలేదు. నేనూ చెప్పలేదు.

"గూళ్లు కడతాయా ఇవి?" అంది మా అమ్మ.

"లేదవ్వా."

"మరి ఏమిటికి సాకేది?"

"ఊరికే. చూసుకోడానికి."

అమ్మకా మాట అర్థం కాలేదు. మా నడిమింట్లో ఏళ్ల తరబడి పట్టుపురుగులు సాకిన మనిషి ఆమె. ఒక్కో పంటకు దాదాపు పాతిక రోజులు. నాలుగు జ్వరాలు, అంటే పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచే రోజులు. జ్వరంలో ఆకు వెయ్యకూడదు. జ్వరం లేచాక ఆలస్యం చెయ్యకూడదు. పురుగు తన బతుకంతా తినే ఆకులో పది పాళ్లకు ఎనిమిది పాళ్లు ఆఖరి వారంలోనే తింటుంది. ఆ వారం అమ్మకు నిద్ర ఉండేది కాదు. నెలసరి వస్తే ఆ గది గడప తొక్కకూడదనేవాళ్లు. ఆకు కోసే చేతులు చాలనప్పుడు మాత్రం ఆ నియమం ఎవరికీ గుర్తొచ్చేది కాదు. హిందూపురం మార్కెట్టుకు గూళ్లు నాన్న తీసుకెళ్లేవాడు. డబ్బు నాన్న చేతికొచ్చేది. మంచి ధర పలికితే నాన్న తెలివి. పురుగుకు రోగమొస్తే అమ్మ మైల.

డబ్బా ఇంటికొచ్చిన మొదటి గొడవ నీళ్లతో. ఈ ప్రాణులు పొట్టకింది అవయవాలతో ఊపిరి తీస్తాయి, అవి తడారితే చచ్చిపోతాయి. అందుకే డబ్బాలో ఒక పక్క ఎప్పుడూ తేమ ఉండాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు వాన పడితే గొప్పనుకునే సీమ మాది. "మనుషులకే కరువు, వీటికి పన్నీరా?" అని అమ్మ గొణిగింది. రోజుకు రెండు చెంచాలేనని చూపించాక ఊరుకుంది. ఆడదాని పొట్టకింద నీటిసంచీలో గుడ్లు మోస్తుందని మా అమ్మాయి ఫోన్లో చెబితే, తల్లితనం మీద ఏదో రాయబోయి ఆగాను. ఆ మాట పేరు చెప్పే గదా అమ్మ నిద్రంతా తీసుకున్నాం!

పదోరోజున ఒకటి కదలకుండా పడి ఉంది. వెనక సగం తెల్లగా పాలిపోయింది. చచ్చిందనుకుని తీసి పారెయ్యబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"జ్వరమే అది. కదిలించద్దు."

మర్నాటికి వెనక సగం కుబుసం ఊడింది. ముందు సగం ఆ తర్వాత రెండ్రోజులకు. ఇవి రెండు విడతలుగా విడుస్తాయని అమ్మాయిని అడిగాకే తెలిసింది నాకు. "సగం సగమా? తెలివైనవే" అని నవ్వింది అమ్మ.

నాకు నవ్వు రాలేదు. రాయలసీమ స్త్రీల శ్రమ గురించి నేను వ్యాసాలు రాశాను, సదస్సుల్లో చదివాను. పట్టు పరిశ్రమ గురించి రాసినచోట అమ్మ పని "కుటుంబ శ్రమ" అనే రెండు మాటల్లో సరిపోయింది. నేనెప్పుడూ చూడని ప్రాణి ఒంటిమీద రంగు మారితే అది చావో జ్వరమో చెప్పగల ఆ చూపుకు నా వ్యాసంలో చోటే లేదు. దాన్ని ఓపిక అన్నాను, అలవాటు అన్నాను. చదువు అనలేదు.

నెల తర్వాత అమ్మాయి డబ్బా తీసుకుపోవడానికి వచ్చింది. "ఈసారి ముందు అడుగు, తర్వాత పెట్టు" అన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నా, సరేనంది. అమ్మ వంటింట్లోంచి ఖాళీ ఊరగాయ జాడీ ఒకటి కడిగి తెచ్చింది.

"నాలుగు నాకు పెట్టిపో పాపా."

"ఏమిటికవ్వా?"

"ఊరికే" అంది అమ్మ.

ఎనభై ఏళ్ల మనిషి. తన కోసం ఆ మాట వాడగా నేను వినడం అదే మొదలు.