ఆదోని పత్తి, ఆగిపోయిన కంటైనర్

ఆదోని నల్లరేగడిలో పత్తి ఎంత పచ్చగా ఉందో చూపే చిత్రాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఐరోపా అంతరిక్ష సంస్థ 2015 నుంచి ప్రయోగిస్తున్న సెంటినెల్-2 ఉపగ్రహాలు తీసినవవి. వాటిని శుద్ధి చేసే స్నాప్ సాఫ్ట్‌వేర్‌కూ డబ్బు కట్టక్కర్లేదు. ఎమ్మిగనూరులో చదువుకుంటున్న పిల్లకు అడ్డొచ్చేది ఇన్‌స్టలేషనే.

సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అనే మూటగా కట్టి నడిపే డాకర్ ఆ బాధ చాలావరకు తీర్చింది. లైబ్రరీలన్నీ కంటైనర్‌తోనే వస్తాయి. కానీ మెమరీ రాదు, అది లాప్‌టాప్‌ది. అసలు చిక్కంతా ఇక్కడే. పని సగంలో, ఒక్క మాటా చెప్పకుండా కంటైనర్ ఆగిపోతుంది. మిగిలేది 137 అనే అంకె. 128కి 9 కలిపితే వచ్చేది. తొమ్మిదో సిగ్నల్‌తో ప్రాసెస్‌ను చంపేశారని అర్థం. చాలాసార్లు కారణం మెమరీ చాలకపోవడమే. ఒక సెంటినెల్-2 చిత్రంలో 10 మీటర్ల బ్యాండ్ ఒక్కటే 10,980 వరసలు, అన్నే నిలువులు. అంటే 12 కోట్ల పిక్సెళ్లు! స్నాప్ నడిచే జావాకిచ్చిన హీప్, అంటే దాని మెమరీ వాటా, కంటైనర్ పరిమితికి లోపలే ఉండాలి. అంతకన్నా మేలు, ముందుగా ఆదోని మండలం మేరకు చిత్రాన్ని కత్తిరించుకోవడం.

ఇంకో చిక్కు: ఫలితాల ఫైళ్లు రూట్ అనే అడ్మిన్ యూజర్ పేరున పడి తెరుచుకోకపోతే, కంటైనర్‌ను మన యూజర్ నంబరుతో నడిపితే సరి.

137 లాంటి అంకెల అర్థాలు మన కాలేజీల్లో తెలుగులోనే చెప్పాలని నా గట్టి కోరిక. సాఫ్ట్‌వేర్ తమకు చేతకాదని పిల్లలు వదిలేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. తుంగభద్ర దిగువ కాలువ కింది చేలనూ వానాధార చేలనూ పక్కపక్కన పెట్టి చూడాల్సింది వాళ్లే. అయితే ఖరీఫ్ మబ్బుల్లో సెంటినెల్-2కు నేల కనబడదు. అప్పుడు సెంటినెల్-1 రాడార్ చిత్రాలు కావాలి. వాటికి మెమరీ ఇంకా ఎక్కువ పడుతుంది.